కాస్ట్రీస్ మార్కెట్టులో గళ్ల గుడ్డ

కరేబియన్ ద్వీపంలో యాత్రికులు కొనేదేమిటి? ఆ డబ్బు ఎవరికి చేరుతోంది?

సెయింట్ లూసియా అనే పేరు మన పాఠకుల్లో చాలామందికి క్రికెట్ మూలంగా పరిచయం. 2024 జూన్ 24న టి-20 ప్రపంచ కప్ పోటీలో రోహిత్ శర్మ 41 బంతుల్లో 92 పరుగులు తీసి, భారత జట్టు ఆస్ట్రేలియాను ఓడించింది ఆ ద్వీపంలోనే. కాని చీరాల, వేటపాలెం ప్రాంతాల నేతపనివారికి వినడానికి అంతకన్నా ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. ఆ ద్వీపంలో ఆడవారు పండుగనాడు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డను 'మద్రాస్' అంటారు. అది వారి జాతీయ వస్త్రం. యాత్రికులు గుర్తుగా కొని తీసుకుపోయే వస్తువుల్లో దానిదే ప్రముఖ స్థానం. ఆ పేరు, ఆ నేత రెండూ మన కోరమండల్ తీరం నుంచి వెళ్లినవే.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లిన మన జిల్లాల తల్లిదండ్రులు, అక్కడే స్థిరపడిన కుటుంబాలవారు విహార నౌకల్లో కరేబియన్ దీవులకు వెళ్లివస్తున్నారు. అలా వెళ్లేవారికి ఆ ద్వీపపు బజారు గురించి నాలుగు సంగతులు తెలిసి ఉంటే చేతి డబ్బు వృథా కాదు. మన నేతకు సంబంధించిన ఒక పాత చరిత్ర కూడా తెలుస్తుంది.

నాలుగు మండలాలంత దేశం

సెయింట్ లూసియా విస్తీర్ణం సుమారు 617 చదరపు కిలోమీటర్లు. అంటే బాపట్ల జిల్లాలోని నాలుగు మండలాలంత. జనాభా లక్షా ఎనభై వేల పైచిలుకు. ఈ చిన్న దీవి కోసం ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఎన్నోసార్లు కొట్టుకున్నారు. పాలన పద్నాలుగుసార్లు చేతులు మారిందని చెబుతారు. చివరకు 1814లో ఇంగ్లీషువారికి దక్కింది. 1979 ఫిబ్రవరి 22న స్వతంత్రమైంది. రాజభాష ఇంగ్లీషు. ఇంట్లో, సంతలో వినిపించేది ఫ్రెంచి మాటలతో పుట్టిన క్రెయోల్ భాష.

ఇంత చిన్న దేశం ఇద్దరు నోబెల్ బహుమతి గ్రహీతలను కన్నది. 1979లో ఆర్థిక శాస్త్రంలో ఆర్థర్ లూయిస్, 1992లో సాహిత్యంలో డెరెక్ వాల్కాట్ ఆ బహుమతి అందుకున్నారు. రాజధాని కాస్ట్రీస్ నడిబొడ్డున ఉన్న తోటకు వాల్కాట్ పేరే పెట్టారు.

ఒకప్పుడు ఈ దేశం అరటి పంట మీద బతికింది. అరటిని అక్కడ 'పచ్చ బంగారం' అనేవారు. బ్రిటన్ మార్కెట్టులో వీరి అరటికి ప్రత్యేక రాయితీలు ఉండేవి. వాటి మీద అమెరికా, కొన్ని లాటిన్ అమెరికా దేశాలు ఫిర్యాదు చేశాయి. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు ఈ రాయితీలకు వ్యతిరేకంగా వచ్చింది. చిన్న రైతులు దెబ్బతిన్నారు. 2010 అక్టోబరు చివర వచ్చిన టోమస్ తుపాను మిగిలిన తోటలను కూల్చింది. అరటి పోయిన చోటికి యాత్రికుల వ్యాపారం వచ్చింది. అందువల్ల యాత్రికుడు జేబులోంచి తీసే డబ్బు ఎటు పోతుందన్నది అక్కడి కుటుంబాలకు అన్నం సమస్య.

ఓడ దిగగానే

విహార నౌకలు చాలావరకు ఉదయం రేవుకు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాయి. యాత్రికుల చేతిలో ఉండేది ఐదారు గంటలు. అందులో సగం కాలం సముద్రతీరానికి, సూఫ్రియేర్ దగ్గరి జంట కొండలు చూడటానికి పోతుంది. మిగిలిన కాలంలో కొనుగోళ్లు జరగాలి.

కాస్ట్రీస్ రేవుకు రెండు వైపులా రెండు దుకాణ సముదాయాలున్నాయి. ఒకటి పాయింట్ సెరాఫిన్, రెండోది లా ప్లాస్ కరెనాజ్. ఓడ దిగిన మనిషి నాలుగడుగులు వేస్తే అందులోనే ఉంటాడు. వజ్రాలు, గడియారాలు, అత్తరులు, మద్యం సీసాలు అద్దాల వెనుక మెరుస్తుంటాయి. అన్నింటి మీదా 'డ్యూటీ ఫ్రీ' అనే మాట ఉంటుంది. పాస్‌పోర్టు గాని, ఓడలో ఇచ్చిన కార్డు గాని చూపితే దిగుమతి సుంకం లేకుండా అమ్ముతారు.

సుంకం లేనంత మాత్రాన చవక కాదు

ఇక్కడే యాత్రికులు పొరబడేది. సుంకం లేదంటే ఆ దేశ ప్రభుత్వం తన దిగుమతి పన్ను వసూలు చేయలేదని మాత్రమే అర్థం. దుకాణదారు తన లాభం ఎంత వేసుకోవాలో ఆ మాట చెప్పదు. అదే కెమెరా, అదే గడియారం మన ఊళ్లోనో, అమెరికాలోనో ఎంతకు దొరుకుతుందో ముందుగా తెలుసుకుని కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే తగ్గింపు ధర అన్న మాటకు కొలత ఉండదు.

మరొక సంగతి. ఓడలో పంచే దుకాణాల పటాలు, 'మేము సిఫారసు చేసే దుకాణాలు' అన్న జాబితాలు చాలావరకు ప్రకటనలే. ఆ జాబితాలో చేరడానికి దుకాణాలు డబ్బు చెల్లిస్తాయి. జాబితాలో పేరు లేనంత మాత్రాన దుకాణం చెడ్డదీ కాదు, ఉన్నంత మాత్రాన చవకదీ కాదు.

ఆ మెరిసే సరుకులో ద్వీపంలో తయారయ్యేది దాదాపు ఏమీ ఉండదు. గడియారం స్విట్జర్లాండుది, అత్తరు ఫ్రాన్సుది. ప్రపంచంలో వజ్రాలను ఎక్కువ భాగం సానపట్టేది మన సూరత్‌లోనే కాబట్టి, ఉంగరంలోని రాయి ఇండియా నుంచే వెళ్లి ఉండవచ్చు. అమ్మిన డబ్బులో ద్వీపంలో నిలిచేది దుకాణం అద్దె, అమ్మకపు పిల్లల జీతం.

రెండు డాలర్ల తికమక

సెయింట్ లూసియాలో చెల్లే నాణెం తూర్పు కరేబియన్ డాలరు. ఎనిమిది దీవుల ప్రాంతాలకు అది ఉమ్మడి. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70 తూర్పు కరేబియన్ డాలర్ల చొప్పున ధర స్థిరంగా ఉంది. దుకాణాల్లో, టాక్సీల్లో అమెరికా డాలర్లు కూడా తీసుకుంటారు. రెండింటికీ గుర్తు ఒకటే కావడంతో చిక్కు వస్తుంది.

ఒక వస్తువు మీద 27 డాలర్లని రాసి ఉందనుకోండి. అది స్థానిక డాలరైతే అమెరికా లెక్కలో పదే. తెలియక అమెరికా నోట్లు 27 ఇస్తే రెండింతలకు పైగా ఎక్కువ ఇచ్చినట్టు. అందుకే ధర అడిగిన వెంటనే 'ఏ డాలరు?' అని కూడా అడగాలి. చిల్లర మాత్రం స్థానిక డాలర్లలోనే వస్తుంది. ఓడ ఎక్కాక అది పనికిరాదు. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇనుప కమానుల మార్కెట్టు

రేవు నుంచి కొద్ది దూరంలో జెరెమీ వీధిలో కాస్ట్రీస్ పెద్ద మార్కెట్టు ఉంది. 19వ శతాబ్దం చివర కట్టిన ఇనుప కట్టడం అది. 1948లో పట్నంలో చాలాభాగం అగ్నిప్రమాదంలో బూడిదైంది. మార్కెట్టు మాత్రం నిలిచి తరతరాల వ్యాపారం చూసింది. ఇటీవలి సంవత్సరాల్లో పునర్నిర్మాణ పనులు చేపట్టారు. వీధికి అవతల సముద్రం వైపు చేతిపనుల దుకాణాల వరుస ఉంటుంది. శనివారం సందడి ఎక్కువ. ఆదివారం చూడటానికి వెళ్తే నిరాశే.

ఈ సంతకు అమ్మకందార్లు ముఖ్యంగా ఆడవారు. బానిసత్వపు రోజుల్లో తోటల యజమానులు బానిసలకు చిన్న చెక్క నేల ఇచ్చి, తిండి గింజలు తామే పండించుకోమనేవారు. మిగిలిన దుంపలు, కూరలు ఆదివారం సంతలో అమ్ముకునే వీలుండేది. కరేబియన్ దీవులన్నింటా ఆడవారి చేతుల్లో ఉన్న సంత వ్యాపారం అలా మొదలైంది. ఆ మనవరాళ్ల దగ్గర కొనేటప్పుడు ముందు 'గుడ్ మార్నింగ్' చెప్పి ఆ తరువాత ధర అడగాలి. పలకరించకుండా వస్తువు ఎత్తి చూడటం అక్కడ అమర్యాద. మన సంతలో మాదిరి సగానికి సగం తగ్గించి అడిగే అలవాటు లేదు. రెండు మూడు కలిపి కొంటే కొంత తగ్గిస్తారు.

మనకు తెలిసిన వస్తువులే

అక్కడ దొరికేవాటిలో కొన్ని మన వంటింటి వస్తువుల్లానే ఉంటాయి. జాజికాయ, జాపత్రి, దాల్చినచెక్క గుట్టలు పోసి అమ్ముతారు. మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతర పంటగా పండే కోకో అక్కడ పాత పంట. గింజలు వేయించి, నూరి, దాల్చినచెక్క, జాజికాయ కలిపి కడ్డీలుగా చుడతారు. ఆ కడ్డీని మరిగే నీళ్లలోకి తురిమి, పాలు పంచదార కలిపితే 'కోకో టీ' అవుతుంది. ఉదయం పూట అక్కడి ఇళ్లలో తాగేది అదే. తేలికగా ఉంటుంది, చెడిపోదు, డబ్బు నేరుగా రైతు ఇంటికి చేరుతుంది.

ద్వీపానికి నైరుతి దిక్కున ఉన్న షువాజెల్ ప్రాంతం చేతిపనులకు పేరు పొందింది. అక్కడి మట్టి పనివారు చేసే 'కోల్ పాట్' చూస్తే మన బామ్మల కుంపటి గుర్తుకు వస్తుంది. పైన గిన్నెలాంటి బొగ్గుల పొయ్యి, కింద బూడిద రాలే పీట. బుట్టలు, చాపలు మొగలి ఆకుతో, వట్టివేరు గడ్డితో అల్లుతారు. ఫ్రెంచి భాషలో ఆ గడ్డిని 'వెటివేర్' అంటారు. ఆ మాట మన దక్షిణాది భాషల వట్టివేరే.

అరటికాయతో చేసిన కెచప్, ఘాటు మిరప సాసు సీసాలు కూడా ద్వీపంలోనే తయారవుతాయి. రమ్ము కూడా అక్కడే కాస్తారు. అయితే 1960 దశకంలో చెరకు సాగు ముగిసిపోయింది. మొలాసిస్ బయటి నుంచే తెప్పించుకుంటారు. కొయ్య చెక్కడాల్లో విన్సెంట్ జోసెఫ్ యుడోవిక్ పేరు ప్రసిద్ధం. కాస్ట్రీస్ దగ్గరి గుడ్‌లాండ్స్‌లో ఆయన శిల్పశాల ఉంది. పాత చెట్ల వేళ్లను వాటి వంపులు చెడకుండా బొమ్మలుగా మలచడం ఆ శాల ప్రత్యేకత.

గళ్ల గుడ్డ కథ

ఇక మద్రాస్ గుడ్డ. మార్కెట్టులో ఎటు చూసినా అదే. తలగుడ్డలు, వంటింటి ఏప్రన్లు, బల్ల గుడ్డలు, గుడ్డ బొమ్మల గౌన్లు అన్నీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లలో వేలాడుతుంటాయి. ఒక్క సెయింట్ లూసియాలోనే కాదు, డొమినికా, మార్టినిక్, గ్వాడెలూప్ దీవుల్లో కూడా సంప్రదాయ వేషానికి ఇదే గుడ్డ. ఏటా అక్టోబరు చివరి ఆదివారం సెయింట్ లూసియాలో క్రెయోల్ పండుగ చేస్తారు. ఆ రోజు బడిపిల్లల నుంచి ముసలివారి దాకా ఈ గళ్లలోనే కనిపిస్తారు. తలగుడ్డ కట్టులో మొనలు ఎన్ని నిలబెట్టారన్నదాన్ని బట్టి ఆ స్త్రీకి పెళ్లి అయిందో లేదో చెప్పవచ్చునని పెద్దవారి మాట.

ఇది అంత దూరం ఎలా వెళ్లింది? డచ్చివారు 1610లో పులికాట్‌లో స్థావరం పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని దగ్గర మద్రాసులో కోట కట్టుకునే అనుమతి సంపాదించింది. ఆ చోటును ఎంచుకోవడానికి ముఖ్య కారణం చుట్టుపక్కల నూలుగుడ్డ చవకగా దొరకడమే. కంపెనీ నేత కుటుంబాలను రప్పించి పేటలు కట్టించింది. పడుగులో, పేకలో రంగు నూలు వేసి గళ్లు తీసిన రుమాళ్లు ఓడలెక్కాయి. మెక్సికోలో తలరుమాలుకు ఇప్పటికీ 'పాలియాకాతే' అని పేరు. అది మన పులికాట్ పేరే.

ఈ వ్యాపారంలో ఒక చేదు నిజం ఉంది. ఐరోపా వర్తకులు మన తీరపు గుడ్డలను పశ్చిమాఫ్రికాకు తీసుకుపోయి, వాటిని మారకంగా ఇచ్చి మనుషులను కొన్నారు. అలా కొన్నవారిని కరేబియన్ చెరకు తోటలకు తరలించారు. అదే గుడ్డ ఆ దీవులకూ చేరింది. ఇక్కడ మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి తన రుమాలు ఎవరి మెడకు ఉరి అవుతున్నదో తెలిసే అవకాశం లేదు. కంపెనీ బయానా కింద అతను కూడా ఇరుక్కున్నవాడే.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834 ఆగస్టు 1న చట్టరీత్యా రద్దయింది. పూర్తి విముక్తి 1838లో దక్కింది. తమను కొనడానికి వాడిన గుడ్డనే ఆ బానిసల కూతుళ్లు, మనవరాళ్లు తలకు ఎత్తి కట్టుకుని తమ గౌరవ చిహ్నం చేసుకున్నారు. యాత్రికుడు కొన్ని డాలర్లు పెట్టి కొనే తలగుడ్డ వెనుక ఇంత కథ ఉంది.

విముక్తి తరువాత తోటల్లో పనికి మనుషులు చాలక కూలీలను ఇండియా నుంచి తెచ్చారు. సెయింట్ లూసియాకు మొదటి ఓడ కలకత్తా నుంచి 1859లో చేరింది. అక్కడి వీధుల్లో దొరికే కూర నింపిన రొట్టె ఆ రాకకు గుర్తు.

చీరాల రుమాలు

ఇదే గళ్ల రుమాళ్ల కుటుంబానికి చెందిన మరో శాఖ మన దగ్గర పెరిగింది. చీరాల పరిసరాల్లో నేసిన నూనె అద్దకపు తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు వెళ్లేవి. 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అనే గళ్ల రుమాళ్లకు ముఖ్యమైన మార్కెట్టు నైజీరియా. అక్కడి కలబారి ప్రజలు ఆ గుడ్డను 'ఇంజిరి' అంటారు. పుట్టుకకు, చావుకు సంబంధించిన వేడుకల్లో అది ఉండి తీరాలి. నైజీరియా బట్టల దిగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు ఆ దెబ్బ ఇక్కడి మగ్గాల మీద పడింది. ఎక్కడో ఉన్న కొనుగోలుదారు చేయి వెనక్కి తీస్తే ఇక్కడ గుంట మగ్గం ఆగిపోతుందన్నది మన నేతగాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. అరటి రైతు విషయంలో సెయింట్ లూసియాలో జరిగిందీ అదే.

మగ్గం గుడ్డా, అచ్చు గుడ్డా?

సెయింట్ లూసియాలో నూలు గుడ్డ నేసే పరిశ్రమ లేదు. మద్రాస్ గుడ్డ బయటి నుంచి రావలసిందే. కుట్టడం, మలచడం మాత్రం స్థానికుల పని. అందువల్ల కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి.

మొదటిది, గుడ్డ తిప్పి చూడటం. రంగు నూలుతో నేసిన గుడ్డకు రెండు వైపులా గళ్లు ఒకే తీరుగా ఉంటాయి. పైన అచ్చు వేసిన గుడ్డయితే వెనుక వైపు వెలిసినట్టుంటుంది. మన నేతగాడి ఇంట పుట్టిన పిల్లవాడికి కూడా తెలిసిన పరీక్ష ఇది. గుడ్డ కొత్తదైతే మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతకాలి. 1950 దశకం చివర అమెరికాలో మద్రాస్ చొక్కాలు రంగు కారుతున్నాయని గగ్గోలు పుడితే, వర్తకులు ఆ లోపాన్నే గొప్పగా ప్రచారం చేసి అమ్ముకున్నారు.

రెండోది, ఎవరు కుట్టారని అడగటం. తానే కుట్టానని చెప్పే మనిషి దగ్గర కొంటే కూలి ఆ ఇంట్లోనే నిలుస్తుంది. ద్వీపం పేరు అచ్చు వేసి ఎక్కడో దూరాన తయారై వచ్చిన బనియన్లు, పింగాణీ కప్పులు కొంటే ఆ మేలు ఉండదు.

కొనకూడనివి

తాబేటి చిప్పతో చేసిన దువ్వెనలు, గాజులు, నల్ల పగడం వంటివి ఎవరైనా చూపితే ముట్టుకోకపోవడం మంచిది. వన్యప్రాణుల వ్యాపారంపై 1975 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కింద వాటిపై నిషేధమో, అనుమతి నిబంధనలో ఉన్నాయి. పెద్ద శంఖాలకు కూడా అనుమతి పత్రం కావలసి రావచ్చు. తాజా పండ్లు, మొక్కలు తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ వారు పారవేయిస్తారు. సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలు పౌరులు ధరించడం సెయింట్ లూసియాలో నేరం. సరదాకి వేసుకున్నా పోలీసులు ఊరుకోరు.

మనవారు ఆలోచించాలి

'మద్రాస్' అనే పేరు మీద వాడకందారు ఇంకా ఉన్నాడు. ఒక దేశం దాన్ని తన జాతీయ వేషంగా ధరిస్తోంది. కాని ఆ పేరుతో ఎవరు ఏ మిల్లులో గళ్లు అచ్చు వేసి అమ్మినా అడిగేవారు లేరు. చేనేత గుడ్డకు గుర్తింపుగా కేంద్ర ప్రభుత్వం 2006లో 'హ్యాండ్‌లూమ్ మార్క్' ప్రవేశపెట్టింది. తెలంగాణలోని పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే బాటలో గళ్ల రుమాలు నేసే మన సహకార సంఘాలు, ఆప్కో, ఎగుమతి సంస్థలు కలిసి కరేబియన్ దీవుల కుట్టుపనివారికి నేరుగా గుడ్డ పంపే మార్గం వెతకవచ్చు. ఆ దీవుల పండుగ అక్టోబరు చివర. అప్పటికి గుడ్డ చేరాలంటే ఇక్కడ మగ్గం మీదికి పడుగు వేసవిలోనే ఎక్కాలి. ఓడ దిగిన మన యాత్రికులు కూడా, అద్దాల దుకాణాల్లోనే కాలం గడపకుండా జెరెమీ వీధి దాకా నడిచి, ఒక గళ్ల గుడ్డ కొని, వెనక్కి తిప్పి చూసి తెస్తే, ఇక్కడి నేతగాళ్లకు చూపడానికి ఒక నమూనా అయినా దొరుకుతుంది.